అత్తమ్మ వెయ్యని వేలిముద్ర

మొన్న సోమవారం పొద్దున మా ఎదురింటి అత్తమ్మ కన్నుమూసింది. పాలు పోసే ఆమె వచ్చి తలుపు కొట్టి చెప్పింది. పొయ్యి మీది చాయ్ గిన్నె దించకుండానే పరుగెత్తాను. నిద్రలోనే పోయిందట, దుప్పటి కూడా చెదరలేదు. నాకు ఆమె చుట్టం కాదు. పెళ్ళయి కొత్తగా ఈ వాడకు వచ్చినప్పుడు ‘అత్తమ్మా’ అని పిలిచాను, ఆమె ‘ఏం బిడ్డా’ అని పలికింది. మా ఇద్దరి సంబంధం అంతే.

ఉప్పల్ దాటి నాచారం పోయే దారిలో ఉంటుంది మా చిన్న ఊరు. నేను కాపురానికి వచ్చేనాటికి నాచారంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. మా ఆడవాళ్ళు చాలామంది పొలం పని వదిలి వాటిల్లో కుదిరారు. పొద్దున పోతే పొద్దుగూకినాకే రావడం. అత్తమ్మ అప్పటికే పంచాయతీ మెంబరు. ఆడవాళ్ళ తరఫున ఒకరుండాలనే రూలు కోసం ఆమెను పెట్టుకున్నారు. భర్త పోయిన మనిషి, చదువు రాదు, ఎదురు మాట్లాడదు అనుకున్నారు. మీటింగు రోజు ఆమెను పిలిచేవాళ్ళు కాదు. మర్నాడు గుమాస్తా తీర్మానాల పుస్తకం, సిరాదిండు పట్టుకొని ఇంటికే వచ్చి వేలిముద్ర వేయించుకొని పోయేవాడు.

ఒకరోజు అట్లా వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను పదో తరగతి దాకా చదివిన సంగతి అత్తమ్మకు తెలుసు.

“ఏం రాసిన్రో జర సదువు బిడ్డా,” అంది.

రేషన్ సరుకులిచ్చే కంట్రోలు దుకాణం వేళలు జనానికి అనుకూలంగా ఉన్నాయో లేదో రాసి పంపమని పైనుంచి కాగితం వచ్చిందట. దానికి జవాబు: ‘ప్రజలకు ఏ ఇబ్బందీ లేదని సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

అత్తమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. “నన్ను అడగలే. నిన్ను అడిగిన్రా?”

“లేదత్తమ్మా.”

“మరి గీ ప్రజలు ఎవలు?”

గుమాస్తా నవ్వాడు. “ఉత్త రాతకోతలమ్మా గివి. నువ్వు ముద్దెర ఎయ్యి, నేను పోవాలె.”

“ఎయ్య. నేను అడిగొచ్చినంక ఎస్త. సర్పంచి పటేలుకు గట్లనే చెప్పు.”

ఆ దుకాణం పదింటికి తెరిచి, చీకటి పడకముందే మూసేవాళ్ళు. ఆదివారం సెలవు. బియ్యం, చక్కెర, దీపాలకు గ్యాస్‌నూనె తెచ్చుకోవాలంటే పనికి పోయే ఆడది ఆ రోజు పని మానాల్సిందే. ఇది అందరికీ తెలిసిన బాధే. అయినా ఎవరూ ఎక్కడా చెప్పుకోలేదు, అడిగినవాళ్ళు లేరు కనుక.

ఆ వారమంతా సాయంత్రాలు అత్తమ్మ వాడలు తిరిగింది. నన్నూ వెంట తీసుకుపోయింది. ఏ ఇంటికి పోయినా ఊరికే కూర్చునేది కాదు. చేటలో బియ్యముంటే రాళ్ళు ఏరేది, చిక్కుడుకాయ ఉంటే ఈనెలు తీసేది. ఎందుకని అడిగితే చెప్పింది: “ఎదురుంగ కూసొని అడిగితె ‘అంత మంచిగనే ఉంది’ అంటరు బిడ్డా. పని చేసుకుంట ముచ్చట పెడితె అసలు మాట చెప్తరు.” ఆ మాట నేను మరిచిపోలేదు.

మీటింగు రోజు పిలవకుండానే పోయింది. లోపల ఆమెకు కుర్చీ లేదు. నిలబడే మాట్లాడింది. నేను గడప బయట నిలబడి విన్నాను.

సర్పంచి చెడ్డవాడు కాడు. నెమ్మదిగానే అన్నాడు: “అక్కా, కాగితం ఇయ్యాల పోవాలె. నువ్వు ముద్దెర ఎయ్యి, తర్వాత నేను దొరలతోని మాట్లాడుత.”

“నువ్వు మాట్లాడుతవు పటేలా, కాదంటలేను. గని ఇబ్బంది లేదని రాసినంక ఏమని మాట్లాడుతవు? రెండు దినాలన్న దుకాణం పొద్దుగూకినంక తెరవాలె, ఆడోళ్ళు అడుగుతున్నరని రాయి. లేకుంటె నా పేరు కొట్టెయ్యి.”

సర్పంచి గుమాస్తా వైపు చూసి, “రాయి,” అన్నాడు. అప్పుడు వేసింది ముద్ర.

నెలలు గడిచాయి. ఇక రాదనుకున్నాక ఉత్తర్వు వచ్చింది. దుకాణం మొత్తం సాయంత్రానికే మార్చారు, వారమంతా. పనికి పోయేవాళ్ళు సంబరపడ్డారు. అత్తమ్మ అందరికీ చాయ్ పోసింది. రెండో వారం ఆఖరి వాడ నుంచి ఒక ముసలామె కర్ర పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడింది.

“నాకు పొద్దుగూకితె కండ్లు కానరావు. గ్యాస్‌నూనె డబ్బతోని మోర్ల పడ్డ. అందర్ని అడిగినవట, మా దిక్కు వచ్చినవా?”

మురికికాల్వ అంచు తగిలి ఆమె మోచెయ్యి గీరుకుపోయి ఉంది. రెండు దినాలే అడిగామని అత్తమ్మ చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు.

“రాలే వదినా. పనికి పోయేటోళ్ళనే అడిగిన. తప్పు నాదే,” అని ఆమెను కూర్చోబెట్టి మోచెయ్యి కడిగి పసుపు పెట్టింది. ఆ మాటే తర్వాతి మీటింగులో అందరి ముందూ మళ్ళీ చెప్పింది. ఇంకో అర్జీ నాతో రాయించింది. మూడు దినాలు పగలు, మూడు దినాలు సాయంత్రం అని తేలేసరికి ఎండలు పోయి వానలొచ్చాయి.

మరుసటి పంచాయతీలో ఆమెను పెట్టుకోలేదు. సర్పంచి కోడలి పేరు రాసుకున్నారు. అత్తమ్మకు బాధ కలిగింది, దాచలేదు కూడా. రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు ఆ కోడలి దగ్గరికే పోయింది. “పుస్తకం ఇంటికి తెస్తరు బిడ్డా. సదువకుండ సంతకం పెట్టకు,” అని చెప్పి వచ్చిందట. ఈ సంగతి ఆ కోడలే శవం దగ్గర కూర్చొని నాకు చెప్పింది.

నాలో నేనే మాట్లాడుకునే నాకు, నలుగురి మాట నలుగురికి చెప్పడం నేర్పింది అత్తమ్మ. రాసిపెట్టడమే నాకు చేతనైన పని కనుక ఇది రాశాను.

సోమవారం సాయంత్రం నాచారం రోడ్డు మీదుగా పాడె తీసుకుపోతుంటే ఎదురుగా ఫ్యాక్టరీ వదిలిన ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో సగం మంది ఆమెను ఎరగని చిన్న వయసు పిల్లలు. ముందున్న ఒకామె రోడ్డు పక్కకు జరిగి చేతిలోని సద్దిగిన్నె మట్టిలో పెట్టి చెంగు సర్దుకొని నిలబడింది. వెనుకనున్నవాళ్ళూ ఒక్కొక్కరే పెట్టారు. మేము మలుపు తిరిగాక వెనక్కి చూశాను. లారీలు లేపిన దుమ్ములో రోడ్డు వెంట గిన్నెలన్నీ వరుసగా అట్లనే ఉన్నాయి. ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు.