కాకడ దండ ముడి

ఇన్నేళ్ళుగా ఏ పెళ్ళికి వెళ్ళినా, దండలు మార్చుకునే వేళకు నేను ఏదో ఒక సాకుతో లేచి బయటికి వచ్చేస్తాను. మోకాళ్ళ నొప్పంటాను, ఉక్కపోతంటాను. అబద్ధం. అసలు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో మా పెదనాన్న కూతురి పెళ్ళి. బళ్ళారిలో మాది బట్టల అంగడి. మా వీధిలో పెళ్ళికి పూలు కట్టేవాళ్ళను కుదుర్చుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు చిన్న దండ ఒకటి కట్టించి దులిపి చూసేవాళ్ళం. పువ్వు రాలకపోతే చేతిలో తాంబూలం. అది అందితే ఆ ఇంటి శుభకార్యాలన్నీ వాళ్ళవే. ఆసారి హనుమక్క వచ్చింది. పెద్దమ్మ దండను మెల్లగా ఊపుతుంటే ఆమె నవ్వింది.

"గట్టిగా దులిపి సూడు తల్లీ. ఒక్క పువ్వు రాలినా నాకు తాంబూలం ఇయ్యొద్దు."

రాలలేదు.

నాకు ఆ ముడి మీద పిచ్చి పట్టింది. సూది లేదు, దారం లేదు. తడిపిన అరటినార, వేళ్ళు, అంతే. పక్కన కూర్చుని ఎంతసేపు చూసినా ఆమె చూపుడువేలు ఎటు తిరుగుతుందో అంతుబట్టేది కాదు. అడిగితే చూపించేదేమో. ఎందుకు అడగలేదు? అంగడివాళ్ళ పిల్లనన్న బిగువా? నాకు నేనే కనిపెట్టాలన్న ఆశా? ఇప్పటికీ తెలియదు.

పెళ్ళి రోజు పొద్దున, పెళ్ళికొడుక్కి వేసే కాకడ మల్లెల దండను తడిగుడ్డలో చుట్టి వెనక గదిలో పెట్టారు. అక్కడ ఎవరూ లేరు. ఒక్క ముడి విప్పి చూద్దామనుకున్నాను. ఒకటి విప్పితే దాని వెనకవీ జారాయి. కంగారుగా పూలు ఏరి, పావడ బొందుకు వేసే ముడి వేసి, మళ్ళీ గుడ్డ చుట్టేశాను. దులిపి చూడాలని తోచలేదు. తోచలేదా, భయపడ్డానా?

అక్క ఆ దండ ఎత్తి బావ మెడలో వేసింది. భుజం దగ్గర విడిపోయి పూలు పీటల మీద రాలాయి. ఆడవాళ్ళు అపశకునమని గుసగుసలాడారు. పెద్దమ్మ హనుమక్కను పందిట్లోకి పిలిచి, ఇక మా వీధిలో ఏ ఇంటి తాంబూలమూ నీకు లేదని అందరి ముందూ చెప్పేసింది. హనుమక్క వంగి పూలు ఏరింది. నార కొస పట్టుకుని ఆ ముడిని కాసేపు చూసింది. తర్వాత తలెత్తి ఆడపిల్లల వైపు చూసింది. వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా వీధి వద్దంటే పక్క వీధులూ వద్దన్నాయి. కొంతకాలానికి మోక ఊరికి వెళ్ళే బస్సు ఎక్కబోతూ ఆమెను చూశాను. బుట్ట ముందు పెట్టుకుని మూర లెక్కన పూలు అమ్ముతోంది. చెప్పేద్దామనే దగ్గరికి వెళ్ళాను. మూరెడు కాకడాలు ఇమ్మని మాత్రం అనగలిగాను. ఆమె కొలిచి నా చేతిలో పెట్టింది.

"దులిపి సూడు పాపా."

దులిపాను. ఒక్కటీ రాలలేదు. కొనేవాళ్ళందరితో అలాగే అనేదా? నాతోనే అందా? ఆమె మొహంలో కోపం వెతికాను, కనిపించలేదు. బస్సు కదులుతుంటే ఎక్కేశాను.

అక్క కాపురం చల్లగా సాగింది. హనుమక్క ఎప్పుడో పోయిందని విన్నాను. క్షమించమని అడగడానికి మనిషి లేదు. ఆ రోజు పందిట్లో అనవలసిన మాట ఇప్పుడైనా అననివ్వండి. దండ విప్పింది నేను. జారింది నేను వేసిన ముడి. హనుమక్క ముడి జారలేదు.