ఆరో రోజు పాఠం

కురుమూర్తికి రూలంటే భక్తి. పదిహేడేళ్లు సైన్యంలో చేసి, హవల్దారుగా ఇంటికొచ్చి, నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక గది తీసుకుని సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. లైసెన్సు చేతికొచ్చిన రోజే ఫ్రేము కట్టించి, గుమ్మంలోకి వచ్చినవాడికి ముందు అదే కనబడేలా గోడకు తగిలించాడు. అందరికీ కనబడేలా పెట్టాలన్నది కూడా రూలే మరి. పోలీసు విచారణ కాగితం రానిదే ఎవరినీ డ్యూటీకి పంపేవాడు కాదు. పోలీసు టోపీల్లా ఉన్నాయని ముప్పై టోపీలు దర్జీకే తిప్పికొట్టాడు. పద్దెనిమిదేళ్లు నిండలేదని సొంత అక్క కొడుకునే వెనక్కి పంపితే, ఆ అక్క ఆర్నెల్లు తమ్ముడి గడప తొక్కలేదు.

అటువంటి మనిషి ఒక్కసారి గడ్డి తిన్నాడు.

గార్డుగా వెళ్లేవాడికి ఇరవై రోజుల శిక్షణ తప్పనిసరి. రోజూ పాఠం, రోజూ రిజిస్టరులో సంతకం. పోయిన జూన్‌లో తెలకపల్లి దారిలోని ఒక పత్తి మిల్లుకు నలుగురు గార్డులు కావాలన్నారు. ఆ నలుగురిలో మద్దిలేటి ఒకడు. మూడెకరాలు కౌలుకు చేసే మనిషి. మొదటి రోజు సంతకం పెట్టాడో లేదో, ఆ సాయంత్రమే జోరుగా వాన కురిసింది. మర్నాడు పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సారూ, దుక్కి తడి మీదుంది. ఇప్పుడు గింజ పెట్టకుంటే నా కౌలు మన్నుల గలుస్తది."

కురుమూర్తీ రైతు కొడుకే. తడి ఆరితే ఏమవుతుందో ఆయనకొకరు చెప్పనక్కర్లేదు. "పో, గింజ పెట్టి రా. తర్వాత నేర్పిస్త" అన్నాడు. ఆ 'తర్వాత' అన్నది రానే లేదు. ఒకటో తారీఖుకల్లా మనుషులు ఉండాలని మిల్లువాళ్లు తొందరపెట్టారు. మొదటి రోజు సంతకాన్ని ముందు పెట్టుకుని, మిగిలిన పందొమ్మిదీ కురుమూర్తే దింపేశాడు. సర్టిఫికెట్ తీసుకోవడానికొచ్చిన మద్దిలేటి రిజిస్టరు చూసి మురిసిపోయాడు. "అచ్చం నా లెక్కనే పెట్టిండ్రు సారూ" అన్నాడు. కురుమూర్తి దాన్ని దయ అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అందులో దయ సగమే, మిల్లు పని చేజారుతుందన్న భయం మిగతా సగం.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మిల్లు కరెంటు బోర్డులో నిప్పులు లేచాయి. పక్కనే పత్తి కుప్ప. మద్దిలేటి పారిపోలేదు. కుప్ప అంటుకుంటుందని పరుగెత్తి, బకెట్టెడు నీళ్లు తెచ్చి బోర్డు మీద గుమ్మరించాడు. కరెంటు కొట్టి రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఇసుక నింపిన ఎర్ర బకెట్టు అతనికి రెండడుగుల దూరంలోనే వేలాడుతోంది.

కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు, ఇసుక చల్లాలి. శిక్షణలో ఆరో రోజు పాఠం అదే. కురుమూర్తే బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు. రిజిస్టరులో ఆరో రోజు గడిలో మద్దిలేటి సంతకం ముచ్చటగా ఉంది.

కురుమూర్తికి అన్నం సహించలేదు. బత్తాయిలు కొనుక్కుని దవాఖానకు వెళ్లాడు. మద్దిలేటి భార్య భాగ్యమ్మ ఒక్కో తొన వలిచి మొగుడి నోట్లో పెడుతోంది.

"మీరు పరేషాన్ గాకుండ్రన్నా. మీరిచ్చిన నౌకరితోనే గద మా పిల్లలు సదువుకుంటుండ్రు" అంది.

ఆమె చెడతిట్టినా బాగుండేది. వరండాలోకొచ్చి ముఖం తుడుచుకుంటుంటే కురుమూర్తికి తన చేతులు చూసుకోవాలన్నా సిగ్గేసింది.

రెండు రోజులకు ప్రమాదం సంగతి తేల్చడానికి ప్రభుత్వ విచారణాధికారి దవాఖానకే వచ్చాడు. శిక్షణ పొందినవాడు అజాగ్రత్తగా చేశాడు, పరిహారం మాకు పట్టదు అని మిల్లువాళ్లు రాసిచ్చారు. శిక్షణే లేదని తేలితే తప్పు ఏజెన్సీది; మద్దిలేటికి పరిహారం దక్కుతుంది గానీ గోడమీది లైసెన్సు పోతుంది. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే కురుమూర్తి రిజిస్టరు సంచిలో వేసుకుని వెళ్లాడు.

అధికారి రిజిస్టరు తీసుకుని, ఆరో రోజు గడి మీద వేలు పెట్టి మద్దిలేటిని అడిగాడు. "కరెంటు మంటకు ఇసుక వాడాలని నీకు నేర్పించారా?"

మద్దిలేటి ఒకసారి కురుమూర్తి వైపు చూసి తల దించుకున్నాడు. "నేర్పిండ్రు సార్. నేనే యాది మర్సిన."

అధికారి ఆ మాటే రాసుకున్నాడు. కురుమూర్తి గుండెల మీద బరువు దిగింది. అంత సులువుగా దిగినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"ఇక్కడ సంతకం పెట్టు" అని కాగితం చాచాక గానీ అధికారి అతని కట్లు చూసుకోలేదు. రెండు చేతులూ తెల్లటి మూటల్లా ఉన్నాయి.

"మా సారును పెట్టమనుండ్రి. సారుకు నా సంతకం వస్తది" అన్నాడు మద్దిలేటి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. చేతనైన సాయం చేద్దామనే అన్నాడు.

అధికారి చేతిలో పెన్ను ఆగింది. కురుమూర్తి వైపు చూశాడు. కురుమూర్తి ఏమీ విననట్టు నవ్వేసి ఉండొచ్చు. అమాయకుడి మాటని కొట్టేసి ఉండొచ్చు.

"వస్తది సార్" అన్నాడు కురుమూర్తి. "పందొమ్మిది సార్లు పెట్టిన. ఆ పందొమ్మిది రోజులు ఇతను నా దగ్గర లేడు, చేన్ల గింజ పెడుతుండె. ఇసుక సంగతి ఇతనికి నేను చెప్పనే లేదు."

"సారూ, వద్దు" అంటూ మద్దిలేటి లేవబోయాడు. కట్లున్న చేతులు మంచానికి ఆనించలేక మళ్లీ వెనక్కి వాలిపోయాడు.