కన్ను కొట్టిన కారు

నాన్నగారు యానాంలో జపాను కారు కొంటున్నారని తెలిసినప్పుడు అమ్మ ముందుగా అడిగింది ధర కాదు.

"ఎన్ని తలుపులండీ?"

"రెండు," అన్నారు నాన్నగారు.

"మిగతా రెండూ ఎవరు అమ్ముకున్నారో కనుక్కోండి."

నాన్నగారికి మండపేటలో ట్రాక్టరు విడిభాగాల కొట్టు ఉండేది. పొద్దుటి నుంచి రాత్రి దాకా బేరింగులు, ఫ్యాను బెల్టులు, గ్రీజు. ఆయన బల్ల సొరుగులో మాత్రం అట్టలూడిన విదేశీ కార్ల పత్రికలు ఉండేవి. నేను లైబ్రరీ నవలలు పరుపు కింద దాచుకున్నట్టే ఆయన వాటిని దాచుకునేవారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పత్రికల్లో ఆయన వేళ్ళ గ్రీజుతో మూలలు నల్లబడిన పేజీ ఒకటుంది. నేలకి కరుచుకున్నట్టుండే ఎర్ర కారు. దానికి ముందువైపు దీపాలు కనిపించవు. మీట నొక్కితే రెండు మూతలు పైకి లేచి, వాటితో పాటు దీపాలు బయటికొస్తాయి, నిద్ర లేచి కళ్ళు తెరిచినట్టు. సరిగ్గా అలాంటి కారే యానాంలో ఉందని ఎవరో చెప్పారు. ఓడల్లో ఇంజనీరుగా చేసినాయన సింగపూరు నుంచి తెచ్చుకున్నారట. ఆయన పోయారు. భార్య అమ్మేస్తున్నారు. కారు అప్పటికే పాతది, కాని నాన్నగారి వరకు అది ఆ పేజీలోంచి లేచి వచ్చిందే.

నన్ను కూడా పంపడం అమ్మ ఆలోచన. అవి మా వైపు మద్యనిషేధం ఉన్న రోజులు. యానాం పాండిచ్చేరి కింద ఉంటుంది కాబట్టి అక్కడ నిషేధం లేదు. ఈ ఒక్క కారణంతో మా మావయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, కార్ల మీద హఠాత్తుగా ఆసక్తి పుట్టింది. "బావ ఒక్కడే ఎలా వెళ్తాడు? బండి చూడ్డానికి రెండు కళ్ళు చాలవు," అంటూ ముందు రోజే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "వాణ్ణి కనిపెట్టుకుని ఉండు. సీసా దొరికితే కారు పోలీసులు పట్టుకుపోతారు. మీ నాన్నగారు తట్టుకోలేరు," అంది.

అది నిజమే. పోలీసు స్టేషను పక్క ఖాళీ స్థలంలో అలా పట్టుబడ్డ మోపెడ్లు, జీపులు వానకి తుప్పు పట్టడం కాలేజీకి వెళ్తూ రోజూ చూసేదాన్ని. వాటి మధ్య గడ్డి మోకాలెత్తున పెరిగింది. తిరిగి బయటికి వచ్చిన బండిని నేను చూడలేదు.

కనిపెట్టుకుని ఉండడం నాకు బాగానే వచ్చు. మాట్లాడడమే రాదు. ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి వెళ్ళిపోయే మనిషిని. కాలేజీలో హాజరు పలికేటప్పుడు నా గొంతు వినపడక లెక్చరరు గారు రెండోసారి పిలిచేవారు. రోజంతా అనలేని మాటలన్నీ రాత్రి డైరీలో అనేదాన్ని.

యానాంలో ఆ ఇంట్లో నాన్నగారూ మావయ్యా ఆ ఇంటి బంధువులతో హాల్లో కూర్చుని బేరం మాట్లాడుతుంటే నేను వాకిట్లో కారు పక్కన నిలబడ్డాను. ఆ ఇంటావిడ బయటికొచ్చారు. నేతచీర, మెడలో సన్నటి గొలుసు.

"లోపల కూర్చోలేదేం?"

నేను నవ్వడానికి ప్రయత్నించాను.

"నేనూ అంతేలే. కారు మాట వచ్చిందంటే ఈ మగాళ్ళకి ఇంట్లో ఆడమనిషి ఉందన్న సంగతే గుర్తుండదు," అంటూ ఆవిడ బానెట్ ఎత్తారు. "ఇలా వంగు. దీని ఎడం కంటికి కాస్త బద్ధకం. ఒక్కోసారి లేవదు. పైనుంచి పీకారంటే విరిగిపోద్ది. ఇదిగో, ఈ రబ్బరు టోపీ తీసి, కింద చిన్న చక్రం ఉంది చూడు, దాన్ని చేత్తో తిప్పాలి. తిప్పు."

తిప్పాను. ఎర్ర మూత కొంచెం కొంచెంగా పైకి లేచింది. మళ్ళీ వెనక్కి తిప్పి మూయించారు.

"మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పకు తల్లీ. బేరం తగ్గిస్తారు. ఇంటికెళ్ళాక చెప్పు." ఆవిడ బానెట్‌ని దించి, అరచేత్తో ఒకసారి నిమిరి లోపలికి వెళ్ళిపోయారు.

బేరం కుదిరింది. నాన్నగారు డ్రైవరు సీట్లో కూర్చుని ఒక్కో మీటా నొక్కి చూస్తున్నారు. ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మే మీట లాగితే ఏమీ రాలేదు. నీళ్ళ డబ్బా ఖాళీ.

"నేను పోసుకొస్తా బావా," అని మావయ్య ఒక ప్లాస్టిక్ క్యాను పుచ్చుకుని వీధిలోకి వెళ్ళాడు. కుళాయి ఆ వాకిట్లోనే ఉంది. వీధిలోకి ఎందుకు వెళ్ళాడో నేను ఆలోచించలేదు. సీసా కోసం అతని జేబులు, చంకలు చూస్తున్నాను. తిరిగొచ్చినప్పుడు చేతిలో క్యాను తప్ప ఏమీ లేదు. తనే పోసి, తనే బానెట్ మూసి, "పదండి పదండి, చీకటి పడుద్ది," అన్నాడు.

రెండు తలుపుల కారులో వెనక సీటంటే ముందు సీటు మడిచి దూరాలి. నేను దూరాను. మావయ్య ఆ సీటు వెనక్కి తోసి కూర్చున్నాడు. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

కారు మాత్రం గొప్పగా ఉంది. గేరు మార్చిన ప్రతిసారీ వెన్నులో చిన్న తోపు. కాలవ గట్టు మీద మలుపుల్లో నాన్నగారి మెడ ఎర్రబడడం వెనకనుంచి కనిపిస్తోంది. సాయంత్రం పూట చేలల్లోంచి లేచే పచ్చపురుగులు అద్దానికి కొట్టుకుని చితికిపోతున్నాయి. నాన్నగారు నీళ్ళ మీట మీద చెయ్యి వేశారు.

"వద్దు బావా!" మావయ్య ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "పురుగుల మీద నీళ్ళు పడితే మరక ఇంకా పాముద్ది. ఆపు, నేను తుడుస్తా."

కారాపించి, దిగి, తన కొత్త కండువాతో అద్దం తుడిచాడు. మా మావయ్య తన కంచం కూడా తను తీసిన మనిషి కాదు. నేను ఆ కండువా వంకే చూస్తూ కూర్చున్నాను.

యానాం పొలిమేర దాటి కొంతదూరం వచ్చాక రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు. చెక్‌పోస్టు. ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. మా వెనక అప్పటికే ఒక వ్యాను, సైకిళ్ళు, బొంగు అవతల మాకెదురుగా అరటిగెలల బండి ఆగాయి.

"యానాం నంబరు. ఇద్దరు మగాళ్ళు. మిమ్మల్ని ఆపకపోతే మాకు జీతాలెందుకండీ? దిగండి," అన్నారు హెడ్డుగారు. నన్ను చూసి, "అమ్మాయిని కూర్చోనివ్వండి," అన్నారు. తాళం చెవి ఆయన తీసుకున్నారు.

డిక్కీ చూశారు. స్టెపినీ ఎత్తి చూశారు. సీట్ల కింద చేతులు పెట్టారు. ఏమీ లేదు. నాన్నగారు కొంచెం గర్వంగానే నిలబడ్డారు. మావయ్య కాలవ వైపు తిరిగి లేని దగ్గు దగ్గుతున్నాడు.

"సరే వెళ్ళండి. చీకటి పడింది, లైట్లేవండీ దీనికి? లైట్లే లేని బండిని ఎలా వదలను?"

నాన్నగారు ఈ క్షణం కోసమే ఆగారు. తాళం తీసుకుని, లోపలికి వంగి, మీట నొక్కారు. కుడి మూత టక్కున లేచింది. దీపం నేరుగా హెడ్డుగారి మొహం మీద పడింది. ఎడమది లేవలేదు.

అరటిగెలల బండి మీంచి ఎవరో అరిచారు. "అయ్‌బాబోయ్! హెడ్డుగారికి కన్ను కొట్టిందండోయ్!"

రోడ్డంతా నవ్వింది. కానిస్టేబుళ్ళు కూడా మొహాలు తిప్పుకున్నారు. హెడ్డుగారు మాత్రం నవ్వలేదు. తాళం మళ్ళీ లాక్కున్నారు.

"ఆ రెండోది ఎందుకు తెరుచుకోలేదు?"

"తెలీదండీ. ఇవాళే కొన్నాను."

"నాకు తెలుసు. లోపల సరుకు కుక్కితే ఎలా తెరుచుకుంటదండీ? ఒరేయ్, ఆ గునపం పట్రా."

"పెయింటు పోద్దండీ... విరిగిపోద్దండీ, బాబూ, కాస్త ఆగండి..." కొట్టులో ఎవరికీ తగ్గని నాన్నగారి గొంతు అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

కానిస్టేబులు గునపం మొన మూత సందులో ఆనించాడు.

"ఏవండీ," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను. అద్దాలు మూసి ఉన్నాయి. ముందు సీటు అడ్డంగా ఉంది. అది మడిచే మీట ఎక్కడుందో తెలియదు. చేత్తో తడుముతున్నాను, ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకి ఏడుపొచ్చింది. కాలితో సీటుని తన్నాను. ఏదో ఊడి సీటు ముందుకి పడింది. తలుపు తోసుకుని రోడ్డు మీద పడ్డంత పనైంది.

"ఆగండి! అది చేత్తో తిరుగుద్దండి!"

అంతమంది నా వైపు చూశారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"బానెట్ ఎత్తితే లోపల చక్రం ఉందండి. తిప్పితే కన్ను లేస్తుందండి."

"నువ్వు కారెక్కవే అమ్మా," మావయ్య గబగబా వచ్చాడు. "పెద్దాళ్ళ మధ్య నీకెందుకు? పీకితే పీకనీ, రిపేరు చేయించుకుందాం. బానెట్ ఎత్తక్కర్లేదు."

కారు విరిగినా పర్వాలేదు గాని బానెట్ ఎత్తొద్దంటున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. కుళాయి వాకిట్లో ఉండగా వీధిలోకి వెళ్ళిన మనిషి. కండువాతో అద్దం తుడిచిన మనిషి.

కాని నోట్లోంచి మాట వచ్చేసింది. హెడ్డుగారు, "అమ్మాయి చెప్పింది వినపడింది. ఎత్తండి," అన్నారు.

బానెట్ లేచింది. ఇంజను వేడితో పాటు ఒక తియ్యటి ఘాటు సన్నగా ముక్కుకి తగిలింది. మూలన ప్లాస్టిక్ డబ్బాలో నిండుగా, చిక్కటి టీ డికాక్షను రంగు. నేను దానికీ హెడ్డుగారి టార్చికీ మధ్య నిలబడి వంగాను. రబ్బరు టోపీ తీస్తుంటే జారిపోయింది. మళ్ళీ పట్టుకుని లాగాను. చక్రం తిప్పాను. కదల్లేదు. ఇటు కాదు, అటు. కదిలింది. మూత మెల్లగా లేచింది. హెడ్డుగారు టార్చి వేసి లోపలికి చూశారు. చచ్చిన సీతాకోకచిలక తప్ప ఏమీ లేదు.

టార్చి వెలుగు అక్కణ్ణించి జరిగి డబ్బా మీద ఆగింది.

"ఇవేం నీళ్ళు?"

మావయ్య దగ్గు కూడా ఆగిపోయింది.

"యానాం నీళ్ళండి," అన్నాను. అబద్ధం చెప్పడం చేతకాక వచ్చిన మాట అది.

"అద్దం కడుక్కోడానికండీ," నాన్నగారు ఉత్సాహంగా అందుకున్నారు. పాపం, ఆయనకేమీ తెలియదు. "మీట లాగితే జల్లులా చిమ్ముతుంది. తాళం ఓసారి ఇప్పించండి, చూపిస్తాను."

చెయ్యి చాపారు. ఆ చేతిలో తాళం పడితే అంతా అయిపోయినట్టే. రోడ్డంతా బ్రాందీ వాసన, స్టేషను పక్క గడ్డిలో ఎర్ర కారు. నా కళ్ళు ఆ తాళం మీదే ఉన్నాయి. హెడ్డుగారు డబ్బా వంక ఇంకొంచెం వంగారు.

"ఏవండోయ్!" మళ్ళీ అరటిగెలల బండి గొంతు. "ఇందాక ఒక కన్ను కొట్టింది, ఇప్పుడు రెండు కళ్ళూ పెట్టి చూస్తంది! హెడ్డుగారు తెగ నచ్చేశారు దానికి!"

ఈసారి నవ్వు వ్యాను వెనక నుంచి కూడా వచ్చింది. హెడ్డుగారు నిటారుగా లేచి బానెట్ దబ్బున మూసేశారు.

"చిమ్మి చూపిస్తానండీ..."

"నాకు స్నానం చేయించక్కర్లేదు. ముందు ఈ బండి ఇక్కణ్ణించి తీసుకుపోండి!"

వెదురుబొంగు లేచింది.

చాలాదూరం వచ్చాం. తర్వాత అద్దం మీద ఇంకో పురుగు చితికింది. మావయ్య చెయ్యి చాపేలోపే నాన్నగారు మీట లాగారు. జల్లు పడింది. వైపరు ఇటూ అటూ తిరిగింది. వాసన కారంతా నిండింది.

నాన్నగారు గట్టు పక్కన కారాపారు. మావయ్య వంక చూడలేదు. తిట్టలేదు. మీట లాగి అలాగే పట్టుకున్నారు. అద్దం మీద బ్రాందీ ధారగా కారుతూనే ఉంది. వైపరు తుడుస్తూనే ఉంది. డబ్బా ఖాళీ అయి మోటారు ఉత్తినే గుర్రుమనేదాకా ఆయన వదల్లేదు. మావయ్య ఆ అద్దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఏ తిట్టూ అతనికి అంతలా తగిలి ఉండేది కాదు.

"వెనక్కెళ్ళు," అన్నారు నాన్నగారు. తర్వాత నాతో, "నువ్వు ముందుకి రామ్మా."

ఇంటి దగ్గర అమ్మ పసుపు, కుంకుమ, నిమ్మకాయలతో ఎదురొచ్చింది. బొట్టు పెట్టడానికి అద్దం మీదకి వంగి, ఆగి, వెనక సీట్లోంచి పాకుతూ దిగుతున్న తమ్ముణ్ణి చూసింది.

"కారు కూడా తాగొచ్చిందేంట్రా?"

ఆ కారు మా దగ్గర చాలా ఏళ్ళే ఉంది. నాన్నగారు దానికి క్లచ్ ప్లేట్లు మార్చారు, రేడియేటరు అతికించారు, దొరకని భాగాలు లేతు మిషను మీద చేయించారు. గునపం గీత మీద రంగు వేశారు. ఎడం కన్ను మాత్రం బాగుచెయ్యలేదు. అమ్మ అడిగితే, "దానికి మనిషుంది కదా," అనేవారు. అలా సాయంత్రం పూట ఎటు వెళ్ళినా నన్ను తీసుకెళ్ళేవారు. ముందు సీటు నాదే.

ఒకసారి రామచంద్రపురం దగ్గర కన్ను లేవక నేను దిగి బానెట్ ఎత్తుతుంటే, సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, "ఏవండీ, మీ కారు నాకు కన్ను కొట్టిందండీ," అన్నాడు.

"మీక్కాదండి, మీ వెనకాల లారీకి," అన్నాను.

చక్రం తిప్పి, బానెట్ మూసి వచ్చి కూర్చున్నాను. నాన్నగారు గేరు వెయ్యడం మర్చిపోయి నవ్వుతున్నారు.