లిదియమ్మ సమాధి మీది కుట్టుమిషను

శీనయ్యను నేను మొదట చూసింది మా బడి ప్రహరీగోడ దగ్గర. దుత్తలూరు హైస్కూలుకు డ్రాయింగు మాస్టరుగా బదిలీ మీద వచ్చిన ఏడాది అది. వానకు కూలిన గోడ కట్టడానికి ఒక బేల్దారి మేస్త్రిని పిలిపించారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన బొచ్చెలో మిగిలిన సిమెంటుతో గోడ మీద ఏదో చేస్తూ కూర్చున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే తొండ. గోడ ఎక్కుతూ ఎక్కుతూ ఆగి, మెడ తిప్పి, వచ్చే మనిషిని చూస్తున్న తొండ. నాలుగేళ్లు ఫైనార్ట్సు చదివాను. ఆ మెడ తిప్పడం నాకు రాదు.

"ఎక్కడ నేర్చుకున్నావు మేస్త్రీ?" అని అడిగాను.

"నేర్చుకునేదేంది సార్. తొండలు ఎప్పుడూ కనపడతానే ఉంటాయి గదా," అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఇట్టాంటియ్యి మీకు ఇష్టమైతే ఆదివారం మా ఊరికి రాండి. మా వాళ్ల సమాధుల తోట చూపిస్తా," అన్నాడు.

ఆయన ఊరు ఉదయగిరి పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి. ఊళ్లో సగం ఇళ్లు బాప్టిస్టులవి. చర్చి వెనక కంపచెట్ల మధ్య సమాధుల తోట. అక్కడ నేను చూసినవి ఇప్పటికీ ఎవరికైనా చెబితే నమ్మరు. ఒకచోట పల్లెవెలుగు బస్సు ముందుభాగం, అద్దంతో, బోర్డుతో సహా, సిమెంటులో. ఇంకోచోట తెరిచి బోర్లించిన హాజరుపట్టీ, దాని మీద కళ్లజోడు. ఒక ముసలాయన సమాధి మొత్తం నులకమంచం. పట్టెల మధ్య నులక వదులై కిందికి జారినట్టు కూడా చేశాడు. రంగులు వేయలేదు. అన్నీ సిమెంటు రంగే. ఎండలో ఆ బూడిద రంగు వస్తువులన్నీ ఎవరో ఇప్పుడే అక్కడ పెట్టి, పని మీద లోపలికి వెళ్లినట్టు ఉన్నాయి.

బస్సు మొదటిది. శీనయ్య అన్న మునెయ్య ఆత్మకూరు డిపోలో డ్రైవరు. ఆయన పోయినప్పుడు తమ్ముడు ఎవరినీ అడగకుండా, ఇనుప చువ్వలు వంచి, కోళ్లవల చుట్టి, నెలరోజుల్లో బస్సు కట్టేశాడు. సంఘ పెద్దలకు కోపం వచ్చింది. సమాధి మీద సిలువ ఉండాలిగాని బస్సేందని పాస్టరు ప్రేమానందంగారిని తోటకు పిలుచుకొచ్చారు. ఆయన చుట్టూ తిరిగి చూసి, "సిలువ ఎక్కడ పెట్టినావు శీనయ్యా?" అని అడిగారట.

"అద్దం లోపల చూడండి అయ్యగారూ. మా అన్న బండిలో ఆడనే తగిలించుకునేవాడు."

పాస్టరుగారు వంగి చూశారు. వేలెడంత సిలువ, స్టీరింగు పైన వేలాడుతూ ఉంది. ఆయన లేచి నిలబడి, "ఇది ఉండనీండి," అని వెళ్లిపోయారు. ఆ తరువాత ఎవరు పోయినా శీనయ్యనే పిలిచేవారు.

పొగాకు కాల్చే బ్యారన్లో బతుకంతా ఆకు గుచ్చిన శీనమ్మ అనే ముసలామె పోయినప్పుడు మాత్రం చిక్కు వచ్చింది. సమాధి మీద పొగాకు ఏమిటని పెద్దలు ఒప్పుకోలేదు. కట్టెకు గుచ్చిన ఆకులే చేసి, బాదం ఆకులని చెప్పి ఒప్పించాడు. ఊళ్లో అందరికీ తెలుసు అవి ఏ ఆకులో.

ఆయనకొక పద్ధతి ఉండేది. సమాధి పని ఒప్పుకోగానే చువ్వలు కొనడు. ముందు పోయినవాళ్ల ఇంటికి వెళ్లి వసారాలో కూర్చుంటాడు. పొద్దన్నే లేస్తానే ఏం చేసేవాడు, ఎవురి మీద అరిచేవాడు, ఊరికే ఉన్నప్పుడు చేతులు ఏడ పెట్టుకునేవాడు, ఇట్లాంటివి అడుగుతాడు. రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. ఇంట్లో వాళ్లు తమకే తెలియదనుకున్నవి చెప్పేవారు. ఏడ్చేవారు, నవ్వేవారు. నేను ఒకటి రెండుసార్లు వెంట వెళ్లాను. అడిగింది అడిగి, ఆయన తల ఊపుతూ వింటూ ఉండేవాడు.

భార్య లిదియమ్మ ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. బక్కపలచని మనిషి. నేను వెళ్లినప్పుడల్లా మిషను ఆపి టీ పెట్టి, మళ్లీ వచ్చి కూర్చునేది. శీనయ్య పనులు చూసి ఎవరైనా మెచ్చుకుంటే, "ఆయనకి సచ్చినోళ్లంటేనే ఇష్టం సార్," అని నవ్వేది. ఒక్కతే కూతురు సుధారాణి. ఆత్మకూరులో సచివాలయం ఉద్యోగం, అక్కడే కాపురం.

తరువాత తరువాత శీనయ్య పేరు తోట దాటింది. ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు వింత ఆకారాల్లో కట్టించుకోవడం మొదలుపెట్టారు జనం. సంగంలో రామనారాయణ అనే పెద్ద రైతు తన మిద్దె మీద ట్యాంకు జోడెడ్ల రూపంలో కావాలన్నాడు. ఎద్దుల కడుపులో నీళ్లు. శీనయ్య అంత పెద్ద పని ఎప్పుడూ చేయలేదు. ఆశపడి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే లిదియమ్మకు కిడ్నీలు చెడ్డాయని తేలింది. మా మెట్ట మండలాల్లో ఇది కొత్త కాదు, నీళ్లలోనే ఏదో ఉందంటారు. వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్. పల్లె నుంచి తిరగడం కష్టమని కూతురు ఆత్మకూరుకు తెచ్చుకుంది. తల్లీకూతుళ్లు తెల్లారి బస్సెక్కి, సంగం మీదుగా నెల్లూరు పోయి, సాయంత్రానికి వచ్చేవారు. శీనయ్య సంగంలో, ఆ రోడ్డు పక్కనే, మిద్దె మీద ఉన్నాడు.

ఆమె ఫోను చేసేది. "బస్సులోంచి నీ ఎద్దులు కనపడినాయి. ఎడంపక్కదానికి కొమ్ము పెట్టినట్టుండావే," అనేది.

"ఇంకా ఆరలేదు. ఆరినాక చూడు," అనేవాడు.

"ఒకనాడు నువ్వు కూడా రారాదా?"

"సిమెంటుకి నీళ్లు కట్టాలి గదా. రెండోదాని కొమ్ము అయినాక వస్తాలే."

నాలుగు నెలలు. ఒక్కసారి మాత్రం నెల్లూరు వెళ్లాడు. మిగతా రోజుల్లో, బస్సు వచ్చే వేళకు మిద్దె దిగి రోడ్డు మీదికి పోయి నిలబడినా సరిపోయేది, అదీ చేయలేదు. యాభై అడుగులు. ఆ మాట తరువాత ఆయనే నాతో అన్నాడు. ఎద్దులు పూర్తయి, ట్యాంకులోకి నీళ్లెక్కించిన వారానికి ఆమె పోయింది.

ఊరికి తెచ్చి తోటలో పెట్టారు. శీనయ్య చాలా నెలలు ఆ మట్టి ముట్టుకోలేదు. ఏడాదికి జరిపే ప్రార్థన కూడికకు ఇంకా రెండు నెలలు ఉందనగా చువ్వలు తెచ్చాడు. నాకు ఆయన పద్ధతి తెలుసు. ఈసారి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదని కూడా గమనించాను. సొంత భార్య గురించి ఒకరిని అడిగేదేముందని అనుకున్నాను. అప్పుడు ఒక్క మాట అని ఉండాల్సింది.

ఆయన చేసింది కుట్టుమిషను. అసలుదానికి ఒకటిన్నర రెట్లు. చక్రం, తొక్కే పలక, దారపు కండె, అన్నీ. సూది కింది నుంచి గుడ్డ జారి, మడతలు మడతలుగా కిందికి దిగి, సమాధి మొత్తం కప్పుతూ పోయింది. ఆ మడతల కోసం ఆమె చీరనే సిమెంటు పాలల్లో ముంచి పరిచాడు. చీర లోపలే ఉండిపోయింది. చూస్తే ఆమె కుట్టిన గుడ్డే ఆమె మీద కప్పినట్టు ఉంది.

నేను ఆగలేకపోయాను. ఫోటోలు తీసి హైదరాబాదులో నాకు తెలిసినవాళ్లకు పంపాను. లిఖిత అనే అమ్మాయి, శిల్పం మీద పరిశోధన చేస్తోంది, రెండో రోజుకే కెమెరాతో దిగింది. తోటంతా తిరిగి, చివరికి మిషను ముందు చాలాసేపు కూర్చుంది. "మీరు చేసినవాటిల్లో ఇదే గొప్పది. ఈమెను మీరు ఎంత బాగా అర్థం చేసుకున్నారో ఇందులో తెలుస్తుంది," అంది. శీనయ్య తల దించుకుని, గట్టిపడిన సిమెంటును గోటితో గీరుతూ నిలబడ్డాడు. సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను.

కూడికకు చెన్నై నుంచి రాహేలమ్మ వచ్చింది. లిదియమ్మ చెల్లెలు. అక్కడ ఏదో ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ సమాధి వంక చూస్తూనే ఉంది. భోజనాలయి జనం వెళ్లాక మేం నలుగురం మిగిలాం. శీనయ్య, సుధారాణి, ఆమె, నేను.

"బావా, ఇది అక్క చెయ్యమనిందా?" అని అడిగింది.

"లేదు. నేనే చేసినాను. ఏం?"

"ఏం లేదులే."

"చెప్పు రాహేలూ. బాగలేదా?"

"బాగుండాది. అందుకే చెప్పబుద్ధి కావడంల్యా." మిషను చక్రం మీద చెయ్యేసింది. "అక్కకి ఈ మిషనంటే ఎంత రోతో నీకు తెలవదా బావా?"

ఆమె కోపంగా చెప్పలేదు. సామాన్లు సర్దుకుంటూ చెప్పే మామూలు మాటలా చెప్పింది. వానాకాలం బేల్దారి పనులు లేక ఇల్లు జరగనప్పుడు వేరే దారి లేక అక్క మిషను నేర్చుకుందని, నడుము నొప్పితో ఏడ్చేదని, ఎప్పుడు ఫోను చేసినా "దీన్ని అమ్మేసిన రోజు నేను మనిషినవుతా" అనేదని.

"నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు శీనయ్య.

"నువ్వు అడిగినావా?"

తరువాత ఆమె ఇంకో సంగతి చెప్పింది. ఉదయగిరిలో చదివేటప్పుడు లిదియమ్మ పరుగుపందెంలో ఎవరికీ అందేది కాదట. నెల్లూరులో జిల్లా పోటీలకు తీసుకుపోతే ఉత్తకాళ్లతో పరిగెత్తి రెండోదిగా వచ్చింది. మళ్లీ ఏడాది హైదరాబాదు తీసుకుపోతామని డ్రిల్లు సారు ఇంటికొచ్చి చెప్పాడు. ఆ ఎండాకాలమే పెళ్లి.

"కాళ్లున్నదే పరిగెత్తేదానికి అనుకున్న మనిషి బావా. ముప్పై ఏండ్లు ఆ కాళ్లతో మిషను తొక్కింది. ఇప్పుడు కూడా దాని కిందనే పండబెట్టినావు."

సుధారాణి గట్టిగా ఏడ్చింది. శీనయ్య ఏడవలేదు. "పరిగెత్తేదని తెలుసు," అన్నాడు మెల్లగా. "పెండ్లయిన కొత్తల్లో చెప్పింది. నేను నవ్వినాను." మళ్లీ తనే, "ఎట్ట పరిగెత్తేది?" అని అడిగాడు.

"ఎట్టంటే ఎట్ట చెప్పేది?"

"చేతులు ఎట్ట పెట్టుకునేది? తల ఎట్ట పెట్టేది?"

రాహేలమ్మ అతని మొహం చూసింది. లేచి చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి బొడ్లో దోపుకుంది. మోచేతులు పక్కలకు ఆనించి, గడ్డం పైకెత్తి, ఆ సమాధుల మధ్య దారిలో పరిగెత్తింది. పది అడుగులు ఉంటుందేమో. మునెయ్య బస్సు దాకా పోయి, దాన్ని పట్టుకుని రొప్పుతూ, "ఇట్ట. ఇంకా చానా జోరుగా," అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మరునాడు శీనయ్య సుత్తి తీసుకుని తోటకు పోయాడు. సుధారాణికి తెలిసి వెనకే వెళ్లింది. "పగలగొట్టొద్దు నాయనా. నేను ఆ మిషను కిందనే ఆడుకున్నాను. అమ్మకి రోతయినా నాకు అమ్మంటే అదే," అంది. శీనయ్య సుత్తి కింద పెట్టేశాడు. అందుకే మిషను ఇప్పటికీ ఉంది.

దాని పక్కన పరిగెత్తే పిల్లను చేయాలని చూశాడు. మూడుసార్లు చువ్వలు వంచాడు. మొదటిది పోలీసు పెరేడులా వచ్చింది. రెండోదానికి కాళ్లు బాగున్నాయి, తల కుదరలేదు. మూడోది చూసి నేను బాగుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రాహేలమ్మ పరిగెత్తినట్టుండాది సార్ ఇది. లిదియ కాదు. తొండని చూసినాను కాబట్టి తొండ చేసినా. ఈమె పరిగెత్తంగా నేను చూడలా. చూపిస్తానంటే కూడా చూసేవాణ్ణి కాదేమో."

అడగకుండానే ఇంకొకటి కూడా చెప్పాడు. ఆ ఒక్కసారి డయాలసిస్‌కు వెంట వెళ్లి వస్తున్నప్పుడు బస్సులో లిదియమ్మ అడిగిందట, "అందరికీ చేస్తావే, నాకేం చేస్తావు?" అని. "నీది నాకు తెలిసిందే గదా. మిషను," అన్నాడట. ఆమె ఏమీ అనకుండా కిటికీ వైపు తిరిగింది. "ఒప్పుకునిందనుకున్నాను సార్. ఆడనే, ఎందుకు మాట్లాడలేదని అడిగుంటే చెప్పుండేది. బస్సులో ఇంకా గంట దారి ఉండింది."

ఈ సంగతి నేను లిఖితకు ఫోనులో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "ఇది ఆ శిల్పం కంటే పెద్ద విషయం సార్, రాసుకోవచ్చా?" అంది. వద్దన్నాను. ఆమె మాట నిలబెట్టుకుంది. రాస్తున్నది నేను. శీనయ్యను అడిగే రాస్తున్నాను. "రాయండి. ఆమెకి మిషను ఇష్టం లేదని మాత్రం రాయండి," అన్నాడు.

ఇప్పుడు ఆయన సమాధి పనులు ఒప్పుకోవడం లేదు. పోయినోళ్ల ఇళ్లవాళ్లు వచ్చి బతిమాలితే, "నాపరాయి వేయించి పేరు రాయించండి, చాలు. మనకేం తెలుసు వాళ్ల సంగతి," అంటాడు. గోడలు కడతాడు, పూత పూస్తాడు.

పోయిన డిసెంబరులో మా బడిలో మరుగుదొడ్లకు పూత పని చేస్తున్నాడు. అదే రోజు మండలం ఆటల పోటీలు. ఆడపిల్లల పరుగు మొదలైంది. ఈల వినపడి శీనయ్య తాపీ పట్టుకుని బయటికి వచ్చి, గ్రౌండు అంచున నిలబడ్డాడు. ఒక పరుగు అయింది, రెండోది అయింది. పూతకు కలిపిన సిమెంటు గట్టిపడుతుందని గుర్తు చేద్దామని వెళ్లాను.

ఆయన నా వైపు తిరగలేదు. "ఆ నీలం గౌను పిల్ల చూడండి సార్," అన్నాడు. "ఓడిపోయినాక కూడా ఆగకుండా పరిగెత్తతానే ఉండాది."

కలిపిన సిమెంటంతా ఆ రోజు పారబోయాల్సి వచ్చింది.