కనుమ దారిలో సంచుల మార్పిడి

కాశ్మీరు కొండల్లో సరస్సులు చూస్తూ, గుడారంలో పడుకుంటూ నెలంతా నడిచాను. ఒక కనుమ ఎక్కుతుండగా మోకాలు పట్టేసింది. ఇక వెనక్కి దిగిపోక తప్పదేమో అనుకున్నాను. మేడ్చల్‌లో మా దొరల ఇంటి భూములు, పనివాళ్లు పోయినప్పటి నుంచి నా బరువు ఇంకొకరితో మోయించుకోను.

“ఓ అవ్వా!” అన్న నా మూలుగు విని, వెనక వస్తున్న నడివయసు యాత్రికురాలు ఆగింది.

“మనోళ్లేనా? మాది శామీర్‌పేట. సంచి గిటియ్యన్నా.”

“అవసరం లేదు.”

“అబ్బో, మస్తు పౌరుషం! ఊకె మోస్తనంటలేను, మార్చుకుందాం. గడ్డిమోపులు తెచ్చేటప్పుడు మేం గట్లనే జేస్తుంటిమి.”

మార్పిడి కాబట్టి ఒప్పుకున్నాను. ఆమె సంచి దూదిలా తేలిగ్గా ఉంది. సరస్సు ఒడ్డుకు చేరాక ఆమె నా సంచి దించి, భుజాలు రుద్దుకుంటూ, “నీదే అల్కగున్నదన్నా, బరువే లేదు” అంది.

ముందుగా దండం పెట్టడం మా ఇంటి అలవాటు కాదు. ఆ సాయంత్రం ఆమెకు నేనే ముందు పెట్టాను.