మనోళ్లెవలన్న ఉన్నరా

టీవీలో ఎక్కడి భూకంపం, ఏ వరద కనిపించినా మా పెద్దబాపు మగ్గం ఆపి ఒకటే అడిగేవాడు. “మనోళ్లెవలన్న ఉన్నరా ఆడ?”

లేరంటే, “అయితే ఫికర్ లేదు” అని మళ్లీ జంపఖానా నేతలో పడేవాడు. ఒకసారి వరద బాధితుల కోసం వాడకట్టువాళ్లు బట్టలు పోగుచేస్తుంటే, రంగు దిగిన జంపఖానా ఒకటి వాళ్ల ముందు పడేశాడు.

మరుసటి వానాకాలం వరంగల్‌లో మా వాడకట్టే మునిగింది. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చాయి. నేసినవీ, నూలూ బురదపాలయ్యాయి. రోజంతా డాబా మీద తడుస్తూ కూర్చున్నాం. సాయంత్రం నెక్కొండ నుంచి వచ్చిన కొందరు నడుంలోతు నీళ్లలో పులిహోర పొట్లాలు మోసుకొచ్చారు.

“మీ చుట్టాలెవలన్న ఉన్నరా ఈడ?” అని అడిగాడు పెద్దబాపు.

“ఎవ్వలు లేరు పెద్దయ్యా.”

“మరెందుకొచ్చిన్రు?”

“అదేం మాట? జర తినుండ్రి.”

ఆయన పొట్లం విప్పలేదు. చీకటిపడేదాకా చేతుల్లోనే పట్టుకున్నాడు.

మా మగ్గం మళ్లీ ఆడలేదు. కొన్నాళ్లకు టీవీలో ఎక్కడిదో వరద చూపించారు. పెద్దబాపు డాబాల మీద నిలబడ్డవాళ్లను చూస్తూ, “మనోళ్లే” అన్నాడు. లేచి, జంపఖానాలు వేసే దండెం దాకా వెళ్లాడు. ఖాళీ దండేన్ని తడుముతూ అక్కడే నిలబడిపోయాడు.