నిల్ రిటర్న్ వేయని పైడిరాజు

2023లో నా ఆఫీసు గాజువాక మెయిన్ రోడ్డులో, ఒక మందుల షాపు పై అంతస్తులో ఉండేది. చిన్న వ్యాపారుల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నా పని. నా క్లయింట్లలో గడువు దాటినవారు లేరు, పైడిరాజు వచ్చేదాకా.

అతను స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. సెలవు రోజుల్లో మల్కాపురంలోని ఒక షెడ్డులో మోటార్లకు వైండింగ్ చేసేవాడు, అంటే కాలిపోయిన రాగి తీగ తీసి కొత్తది చుట్టడం. ఉద్యోగం వదిలి ఆ షాపు మీదే బతకాలని అతని ఆశ. కంపెనీల పని రావాలంటే జీఎస్టీ నంబరు ఉండాలని ముందే తీసుకున్నాడు. భార్య నూకరత్నం మాత్రం ఒప్పుకోలేదు. అతనికి ఏడీహెచ్‌డీ ఉందని, మనసు నచ్చినదానిలో మునిగిపోయి మిగతా పనుల మీద నిలవకపోవడం అందువల్లేనని డాక్టరు అప్పుడే తేల్చారు. మందు మొదలుపెట్టారు. అది పనిచేస్తేనే రాజీనామా అని ఆవిడ షరతు.

"ప్లాంటులో అయితే సైరన్ ఉంటాది మేడమ్," అంది నాతో. "షాపులో ఈయన్నెవులు లేపుతారు?"

ఆ తర్వాత అతను నా ఫోనెత్తడం మానేశాడు. రిటర్న్ వేయాలంటే అతని ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. గడువు దాటింది. చివరికి నేనే షేరాటో ఎక్కి మల్కాపురం వెళ్లాను.

షెడ్డులో అతను మోటారు మీద వంగి తీగ చుడుతున్నాడు. నన్ను చూడలేదు. బయట బల్ల మీద ఒకావిడ మిక్సీతో, చేపల పడవ నడిపే ఒకాయన పంపుతో కూర్చుని నవ్వుకుంటున్నారు. ఇవ్వాళ ఇస్తానన్నాడంటే ఎల్లుండి అని అర్థమట. అయినా ఎవరూ వస్తువు వెనక్కి తీసుకెళ్లరట. నాకు ఒళ్లు మండింది. అన్ని గడువులూ తప్పే మనిషికి ఇంత ఆదరణా? దానికన్నా ఎక్కువగా ఆ వంగిన వీపు చూసి అసూయపడ్డాను. ఇన్నేళ్లు లెక్కలు చూశాను గాని, లెక్కలో అలా మునిగి లోకాన్ని మరవడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

రిటర్న్ సంగతి అడిగాను.

"ఆ నెల ప్లాంటులో సెలవే దొరకనేదు, షెడ్డు తియ్యనేదు. అమ్మకాలే లేవు గదా మేడమ్. లేందానికి ఏటి రాత్తాం?"

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటే ఇది. వ్యాపారం జరగకపోయినా, జరగలేదని చెబుతూ నిల్ రిటర్న్ వేయాలి. వేయకపోతే జరిమానా పడుతుంది, నంబరు కూడా రద్దు కావచ్చు. అది విని అతని చేయి ఆగింది. మందు ఎలా ఉందని అడిగాను. మానేశాడట, డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లలేదట.

"ఏటీ మారనేదు మేడమ్. మల్లీ ఎల్లి నాను ఏటని సెప్పను?"

"ఏమీ మారలేదనే చెప్పు. అదీ నిల్ రిటర్నే. నువ్వు వేయకపోతే ఆయనకెలా తెలుస్తుంది?"

తీగ కింద పెట్టాడు. "అయితే డాట్రుకీ లేటు ఫీజు కట్టాలేటి?" అని నవ్వి, అప్పుడే ఓటీపీ చెప్పాడు.

ఆ వారమే భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. మొదట తక్కువ మోతాదే ఇచ్చానని, పెంచడానికే మళ్లీ రమ్మన్నానని డాక్టరు కాస్త విసుక్కున్నారట. మోతాదు మార్చారు. నిద్ర, బీపీ చూస్తూ కొన్ని నెలలు నడిపారు. నూకరత్నం షాపు ఫోను తన చేతిలోకి తీసుకుని, ఆ తర్వాతే రాజీనామాకు ఒప్పుకుంది. ఇప్పుడు ఆవిడ అందరితోనూ డాక్టరు గారి చలవే అంటుంది. నా పేరు ఎత్తదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చురుక్కుమంటుంది.

ఈ వృత్తిలో అంకెలు చెప్పని క్లయింటును బద్ధకస్తుడనుకోవడం అలవాటు. చెప్పడానికి ఏమీ లేదనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువని పైడిరాజు వల్ల తెలిసింది. ఇప్పుడు అలాంటివారికి నేనే ముందు ఫోన్ చేస్తాను.

మొన్న మా ఇంటి గ్రైండరు కాలిపోతే అతని షాపుకే తీసుకెళ్లాను. నాకు ముందు నలుగురున్నారు. అతను తలెత్తలేదు. నూకరత్నం టీ ఇచ్చి, ఇంకాస్త ఆలస్యమవుతుందంది. వేరే షాపు పక్క వీధిలోనే ఉంది. నేను బల్ల మీద కాస్త జరిగి, నా వెనక వచ్చిన ఆరో మనిషికి చోటిచ్చాను.